రెండేళ్ళ సందు

నెట్లో చూసిన సంచుల జత ఎనిమిది వేలు.
నీళ్ళలో ముంచినా లోపల తడవదట.
నా జీతంలో అది సగం.
సగం జీతాన్ని సైకిలు వెనక తగిలించుకున్నాక
అందులో పెట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

కుముద చెప్పింది,
లారీ స్టాండు వెనక సందులో
పట్టాలు కుట్టే దస్తగిరి ఉన్నాడు, పోయి అడగమని.
చిత్తూరులో పుట్టి పెరిగి ఆ సందు చూడలేదు నేను.
మైనం వాసన, డీజిలు వాసన,
బెల్లం లారీల మీంచి దిగిన పాత పట్టాల చుట్టలు.

ఆయన నా బడ్జెట్ అడగలేదు.
"ఎక్కి తొక్కు పాపా" అన్నాడు.
స్టాండు మీద సైకిలు, గాల్లో వెనక చక్రం,
ఎక్కడికీ పోకుండా తొక్కుతున్నాను.
ఆయన మోకాళ్ళ మీద కూర్చుని
నా మడమ ఎంత వెనక్కొస్తుందో చూసి
క్యారియరు ఊచ మీద సుద్దతో గీత గీశాడు.

"మడమకూ సంచికీ మధ్య రెండేళ్ళ సందుండాల."

రెండేళ్ళా!
మొగిలి ఘాటెక్కి మదనపల్లె దాకా పోవాలని
నేననుకుని సరిగ్గా రెండేళ్ళు.
ఈయనకెవరు చెప్పారు?
ఆయన చూపుడువేలూ మధ్యవేలూ కలిపి చూపించాడు.
"లేకుంటే తొక్కినప్పుడంతా దాన్ని తంతానే ఉంటావు."

"ఏం పెడతావు ఇందులో?"
దుప్పటి, రెండు జతల బట్టలు, పంక్చరు సామాను,
చిన్న స్టవ్వు, గిన్నె, మూడు పుస్తకాలు...
మూడో పుస్తకం దగ్గర నాకే సిగ్గేసింది.
"అది ఊరికి పొయ్యేనాడు. దినామూ?"
దినామూ అంటే
కొంగారెడ్డిపల్లె నుంచి ఆస్పత్రి ల్యాబు దాకా
తెల్లకోటు, టిఫిను బాక్సు,
వచ్చేటప్పుడు కాకరకాయలు, ఒక కట్ట కరివేపాకు.
"అట్లయితే కాకరకాయలకే కుట్టాల.
ఏడాదికొకసారి పొయ్యే దోవకు
ఏడాదంతా దొడ్డ సంచి ఎందుకు ఊపుకుంటా తిరిగేది?"

పైన మడిచే నోరు పెట్టాడు:
నిండితే విప్పుకోవాలి, తగ్గితే చుట్టుకోవాలి.
చక్రం పుల్లల్లోకి ఒరగకుండా వీపుకి
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నీలం డ్రమ్ము ముక్క.
పైన పట్టా కొక్కేలు, కింద ట్యూబు రబ్బరు.
పదమూడొందలు.
నెల దాకా నా తెల్లకోటు తోతాపురి వాసన వేసింది.

కుడి సంచిలో టిఫిను, ఎడమ సంచిలో ఏమీ లేదు.
మలుపు మలుపుకీ సైకిలు కుడికే ఒరిగేది.
మళ్ళీ పోతే, మూలనున్న గ్రానైటు ముక్క తీసి
ఎడమ సంచిలో వేశాడు.
ఆస్పత్రి గేటు దగ్గర సెక్యూరిటీ అడిగాడు,
ఇందులో ఏముంది మేడమ్?
రాయి, అన్నాను.
రెండోసారి అడగలేదు.

కార్తీకంలో, ముసురు పట్టని ఒక తెల్లారుజామున
ఎట్టకేలకు బయల్దేరాను.
బంగారుపాళెం దాటాక ముసురు పట్టింది.
ఘాటు సగం ఎక్కాక, తొడలు మండుతుంటే గుర్తొచ్చింది
ఎడమ సంచి అడుగున, దుప్పటి కింద,
ఇంకా ఆ రాయి ఉందని.
వానలో నిలబడి ఒక్కదాన్నే నవ్వాను.
లారీ క్లీనరు తల బయట పెట్టి చూశాడు.
రాయిని కిలోమీటరు రాయి పక్కన దించాను.
దాని మీద అంకెలేం లేవు.

పలమనేరులో తెరిస్తే అంతా పొడి,
ఒక్క సాక్సు తప్ప.
ఒకే ఒక్క సూది బెజ్జం.
వాన ఆగలేదు. వెనక్కి తిరిగాను,
రాయి బదులు మూడు కిలోల టమోటాలతో.

దస్తగిరి బెజ్జం చూసి నొచ్చుకున్నాడు.
కొవ్వొత్తి ముక్కతో రుద్దాడు, బొటనవేలితో అదిమాడు,
ఊదాడు, మళ్ళీ రుద్దాడు.
టమోటాలు నాలుగు బల్ల మీద పెట్టాను.
"మదనపల్లె చూస్తివా?"
లేదు, పలమనేరు దాకే.
వంగి, మడమ దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసుకుని
మిషను వైపు తిరిగాడు.
"సరేలే. ఇంకా సందుండాది."